పూల గజల్ వెనక

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్ల గుట్టల్లో ‘గాలిబ్ గీతాలు’ కనిపిస్తే వదలకండి. పాత సినిమా పాటల మీద ప్రేమ ఉన్నవాళ్లకు అది మరీ అవసరం. కవి దాశరథి గాలిబ్ ఉర్దూ గజళ్లను తెలుగు చేసిన ఆ పుస్తకం 1961లో వచ్చింది. ‘వాగ్దానం’తో ఆయన సినిమా పాటల్లోకి వచ్చిందీ ఆ ఏడాదే. ప్రేమికుడి నిష్ఠూరాన్ని నాలుగు మాటల్లో తేల్చేసే ఒడుపు రెండింట్లోనూ ఒకటే.

సినిమా పాటలు రాసిన మరో కవి సినారె (సి. నారాయణరెడ్డి)ది ఉర్దూ మీడియం చదువు. 1962లో ‘గులేబకావళి కథ’కు పాటలు రాశారు, తర్వాత నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. తెలుగులో గజళ్లు రాసి, వేదికలెక్కి తానే పాడారు కూడా.

గజల్ వినాలంటే కాస్త చెవి మార్చుకోవాలి. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరం దగ్గరే పలకరిస్తుంది. గజల్‌లో చివరిదాకా ఆగాలి. గజల్‌లోని ప్రతి షేర్ (రెండు పాదాల పద్యం) చివరా మారకుండా తిరిగొచ్చే మాట రదీఫ్, దానికి ముందు ప్రాస కలిపేది కాఫియా. కాఫియా వినగానే ముషాయిరాలో (ఉర్దూ కవి సమ్మేళనంలో) శ్రోతలు రదీఫ్‌ను కవికంటే ముందే అందుకుంటారు. ఈ సంగతి తెలిశాక, పాటలో పల్లవి మాట మళ్లీ వచ్చిన ప్రతిసారీ అది కొత్త అర్థంతో వచ్చిందా, ఊరికే వచ్చిందా అని చెవి తనకు తానే లెక్క చూసుకుంటుంది. ఊరికే వచ్చేవే ఎక్కువ, అది వేరే సంగతి.

మఖ్దూం మొహియుద్దీన్ గజల్ ఒకటుంది. ప్రతి షేర్ పువ్వుల మాటతోనే ముగుస్తుంది. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, కార్మికోద్యమంలోకి వెళ్లిన ఈ హైదరాబాదీ కవి 1969లో పోయారు. పదమూడేళ్ల తర్వాత సాగర్ సర్హదీ ‘బజార్’ అనే హిందీ సినిమా తీశారు. అందులో సంగీత దర్శకుడు ఖయ్యాం ఆ గజల్‌ను లతా మంగేష్కర్, హైదరాబాద్‌వాడే అయిన తలత్ అజీజ్‌ల చేత పాడించారు. అదే సినిమాలో 18వ శతాబ్దపు ఉర్దూ కవి మీర్ గజల్ కూడా ఉంది.

మఖ్దూం కవితల పుస్తకంలో చదివితే ఆ గజల్ నిండా ప్రేమ, పెళ్లి సందడి. సినిమా కథ వేరు. హైదరాబాద్ పేదింటి ఆడపిల్లల్ని గల్ఫ్ డబ్బుకు పెళ్లి పేరుతో అమ్మేసే కథ. గజల్ వినిపించేది ఒక యువజంట మీద. ఆ అమ్మాయినే తర్వాత బేరం పెడతారు. పుస్తకం చదివి వచ్చినవాడికి ఒక్కో షేర్ చివర పువ్వుల మాట పడుతున్నకొద్దీ, ఆ పూలదండ ఎవరి మెడలో పడబోతోందోనన్న భయం ముందే మొదలవుతుంది.