స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అంటే భయమా? మానేసే ముందు ఈ విషయాలు తెలుసుకోండి

‘‘అది స్టెరాయిడ్ అంట, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుందంట’’. డాక్టర్ ఇన్‌హేలర్ రాసిచ్చిన రోజు చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. అయినా సరే అని కొన్నాళ్లు వాడతారు. ఆయాసం తగ్గుతుంది. ఇక ఎందుకులే అని అల్మారాలో పెట్టేస్తారు. చలికాలం వచ్చాక ఏదో ఒక అర్ధరాత్రి అమ్మీకో, పిల్లాడికో ఊపిరి అందక ఆసుపత్రికి పరుగులు తీయాల్సి వస్తుంది. ఈ మందు ఏం చేస్తుందో, ఎలా వాడాలో ముందే తెలిస్తే ఇలాంటి రాత్రులు చాలావరకు తప్పుతాయి.

రెండు రకాలు, రెండు పనులు

ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి గొట్టాల లోపల వాపు ఉంటుంది. దుమ్ము, పొగ, జలుబు తగిలితే ఆ గొట్టాలు బిగుసుకుపోతాయి. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఆ బిగువును కొన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. దాని ప్రభావం 4 నుంచి 6 గంటలు ఉంటుంది. అయితే వాపు అలాగే ఉండిపోతుంది.

ఆ వాపును తగ్గించేది స్టెరాయిడ్ మందు. బుడెసొనైడ్, ఫ్లూటికాసోన్, బెక్లోమెథాసోన్ ఈ రకానివి. ఇవి పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందుకే ఆయాసం లేని రోజు కూడా వాడాలి. కేవలం స్టెరాయిడ్ మాత్రమే ఉన్న ఇన్‌హేలర్ ఆయాసం వచ్చిన క్షణంలో ఆదుకోదు. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను మాత్రం కొందరికి రెండు అవసరాలకూ రాస్తారు. ఏది ఎప్పుడు వాడాలో డాక్టర్‌నే అడిగి డబ్బా మీద రాసుకోవడం మంచిది. ఒక్క సాల్బుటమాల్ మీదే ఆధారపడి ఉబ్బసాన్ని నెట్టుకురావద్దని అంతర్జాతీయ సంస్థ ‘గినా’ 2019 నుంచి చెబుతోంది.

మోతాదు ఎంత?

ఇన్‌హేలర్ మోతాదును మైక్రోగ్రాముల్లో లెక్కిస్తారు. వెయ్యి మైక్రోగ్రాములు కలిస్తే ఒక మిల్లీగ్రాము. బుడెసొనైడ్ ఒక పీల్పులో 100 లేదా 200 మైక్రోగ్రాములు ఉంటుంది. ఆయాసం ముదిరినప్పుడు మింగే ప్రెడ్నిసొలోన్ మాత్ర ఒక్కటే 5 మిల్లీగ్రాములు, అంటే 5000 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులే అయినా తేడా అర్థమవుతుంది. ఇన్‌హేలర్ మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి కొంచెం సరిపోతుంది. ఇది మత్తుమందులా అలవాటయ్యేది కాదు. మానేస్తే ఆయాసం తిరగబెట్టడానికి కారణం లోపల జబ్బు ఇంకా ఉండటమే.

దుష్ప్రభావాలు లేవని కాదు. నోట్లో తెల్లటి పూత, గొంతు బొంగురుపోవడం మామూలుగా కనిపిస్తాయి. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే ఇవి బాగా తగ్గుతాయి. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి వాడేవారు ఎముకలు, కళ్లు, షుగర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. పిల్లల ఎత్తు కొద్దిగా, దాదాపు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. కానీ అదుపులేని ఉబ్బసం ప్రాణానికే ప్రమాదం. గర్భిణులు కూడా తమంతట తాము మానేయకూడదు.

బీడీ, సిగరెట్ వల్లే కాదు, ఏళ్లపాటు కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లకు కూడా సీఓపీడీ వస్తుంది. ఇందులో స్టెరాయిడ్‌ను ఒంటరిగా ఇవ్వరు. జబ్బు పదేపదే ముదిరేవారికి గొట్టాలను ఎక్కువసేపు తెరిచి ఉంచే మందులతో కలిపి ఇస్తారు. వీరిలో న్యుమోనియా అవకాశం కొంత పెరుగుతుంది. జ్వరం వచ్చినా, కఫం రంగు మారినా ఆలస్యం చేయొద్దు. దాదీ ఇన్‌హేలర్‌ను మనవడికి ఇవ్వడం అసలే వద్దు.

పీల్చే పద్ధతి

పంపు రకమైతే బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదవులతో గట్టిగా పట్టుకుని, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండోసారి పీల్చాలంటే అర నిమిషమైనా ఆగాలి. పిల్లలకు, పెద్దవాళ్లకు స్పేసర్ గొట్టం పెడితే మందు వృథా కాదు. క్యాప్సూల్ పెట్టే పొడి రకానికి పద్ధతి వేరు. దాన్ని వేగంగా, లోతుగా పీల్చాలి. అందులోకి ఊదకూడదు. ఆ క్యాప్సూల్‌ను మింగేవారూ ఉన్నారు, మింగితే ఉపయోగం ఉండదు.

రంజాన్‌లో ఎలా?

చాలామందికి ఈ మందు రోజుకు రెండుసార్లే ఉంటుంది. అలాంటప్పుడు సహరీకి ముందు ఒకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి పీల్చేలా మార్చుకోవచ్చా అని రంజాన్‌కు ముందే డాక్టర్‌ను అడగాలి. ఇన్‌హేలర్‌తో రోజా భంగమవుతుందా లేదా అన్నదానిపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తాము నమ్మే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. కానీ పగలు ఆయాసం వస్తే మాత్రం మగ్రిబ్ దాకా ఓర్చుకోకూడదు, వెంటనే మందు పీల్చాలి. రోగికి రోజా విషయంలో మినహాయింపు ఉంది, కోలుకున్నాక ఖజా చేసుకోవచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారి దగ్గర లోబాన్, అగరుబత్తి పొగ కూడా పెట్టకపోవడమే మేలు.

ఎప్పుడు జాగ్రత్త పడాలి?

సాల్బుటమాల్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమవుతున్నా, రాత్రుళ్లు దగ్గుతో మెలకువ వస్తున్నా జబ్బు అదుపులో లేనట్టే. డాక్టర్‌ను కలవాలి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, పంపు కొట్టినా ఉపశమనం లేకపోవడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేదాకా రోగిని కూర్చోబెట్టి మందు పీల్పిస్తూ ఉండాలి.

మోతాదు తగ్గించాలన్నా, ఆపాలన్నా ఆ నిర్ణయం డాక్టర్‌దే. తర్వాతిసారి వెళ్లినప్పుడు ఇన్‌హేలర్‌ను వెంట తీసుకెళ్లి, ఎలా పీలుస్తున్నారో ఆయన ముందే ఒకసారి చేసి చూపించండి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి.