గడియారం ఉండమంటుంది, గాలి పొమ్మంటుంది

ఫుజైరా తీరంలో అల్ అకా దగ్గర ఇంచ్‌కేప్ 1 అనే పాత ఓడ ఉంది. చేపలు గూడు కట్టుకుంటాయని కావాలనే ముంచారు. లోతు 30 మీటర్లకు కాస్త అటూ ఇటూ. దుబాయ్‌లో వారమంతా సర్వర్లతో కుస్తీ పట్టే నాలాంటి వాళ్ళు సెలవు రోజున హజర్ కొండలు దాటి వెళ్ళేది ఇలాంటి చోట్లకే.

మొదటిసారి ఆ ఓడ పక్కకి దిగినప్పుడు, 12 నిమిషాలయ్యేసరికి చేతికున్న డైవ్ కంప్యూటర్ "ఇంకా 8 నిమిషాలు ఉండొచ్చు" అంది. గేజ్ చూస్తే 80 బార్లే మిగిలింది. గైడుకి చూపించాను, పైకి పదమన్నాడు. 45 బార్లతో పడవెక్కాను. అంతా సవ్యంగానే జరిగిందనుకున్నాను, ఇంటికొచ్చి లెక్క వేసుకునేదాకా.

ఆ కంప్యూటర్ లెక్క పెట్టేది గాలిని కాదు, నత్రజనిని. లోతుకి వెళ్ళేకొద్దీ పీడనం పెరిగి, పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లో కరుగుతుంది. హఠాత్తుగా పైకొస్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. దీనికి 1908లో హాల్డేన్ వేసిన లెక్కే పునాది. తర్వాత జ్యూరిక్‌లో బ్యూల్మన్ శరీరాన్ని 16 ఊహాత్మక కణజాలాలుగా విడగొట్టాడు. చాలా డైవ్ కంప్యూటర్లలో నడిచేది ఆ ప్రోగ్రామో, దాని తమ్ముడో. మధ్యలో ఆగకుండా తిన్నగా పైకి రాగలిగే గరిష్ఠ సమయాన్ని నో-డీకంప్రెషన్ పరిమితి అంటారు. పాడీ వారి పట్టికలో అది 18 మీటర్లకు 56 నిమిషాలు, 30 మీటర్లకు 20.

ఇక గాలి సంగతి. మామూలుగా అద్దెకిచ్చే అల్యూమినియం సిలిండర్ 11.1 లీటర్లది; 200 బార్లకు నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి 18 మీటర్ల దగ్గర 56, 30 మీటర్ల దగ్గర 80 లీటర్లు కావాలి. 50 బార్లు దాచుకుంటే 18 మీటర్ల దగ్గర గాలి 30 నిమిషాలే వస్తుంది. కంప్యూటరేమో 56 అంటోంది! ర్యాం అయిపోయిన మెషీన్‌లో సీపీయూ ఖాళీగా ఉందని సంబరపడటం లాంటిదన్నమాట. 30 మీటర్ల దగ్గర మాత్రం గాలి 21 నిమిషాలు, పరిమితి 20. సరిగ్గా సరిపోయిందే అనిపిస్తుంది కదూ?

సరిపోలేదు. ఆ 50 బార్లు ఎవరి కోసం? జోడీగా వచ్చినవాడి గాలి అడుగున అయిపోతే ఇద్దరూ నా సిలిండర్ మీదే పైకి రావాలి. కంగారులో ఒక్కొక్కరూ 30 లీటర్లు పీలుస్తారనుకుందాం. తేరుకోవడానికి ఒక నిమిషం: 240 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి దాదాపు 460. అక్కడ మూడు నిమిషాలు ఆగితే 270. మొత్తం దాదాపు వెయ్యి, అంటే సుమారు 90 బార్లు. నా దగ్గర ఉన్నది 80! కంప్యూటర్ మాట విని ఆ 8 నిమిషాలూ ఉండి ఉంటే, నా పీల్పుడు వేగానికి (నిమిషానికి 10 బార్లు మరి, కొత్త కదా) నా సిలిండర్ నాకే ఖాళీ.

పోనీ నైట్రాక్స్ వాడితే? 32 శాతం ఆక్సిజన్ కలిపితే నత్రజని తగ్గి, 30 మీటర్ల పరిమితి 30 నిమిషాల దగ్గరికి వస్తుంది. కానీ సిలిండర్‌లో లీటర్లు పెరగవు. 90 బార్లు పక్కన పెడితే, నిమిషానికి 20 లీటర్లవాడికైనా దిగడంతో కలిపి 15 నిమిషాలే. ఎక్కువ పీల్చేవాళ్ళు నైట్రాక్స్ కొనడం దండగ ఖర్చు. పరిమితి దాటితే ఇంకా చిక్కు: దారిలో తప్పనిసరిగా ఆగాలి, ఆ ఆగడానికీ గాలే కావాలి.

ఇప్పుడు 30 మీటర్లకు వెళ్ళేటప్పుడు 15 లీటర్ల సిలిండర్ అడుగుతున్నాను. అదే వెయ్యి లీటర్లు అందులో 67 బార్లే. నా పీల్పుడు కూడా నెమ్మదించి 20 లీటర్ల దరికి వచ్చింది కాబట్టి, మిగిలినది 25 నిమిషాలు వస్తుంది. అప్పుడు ముందుగా అడ్డొచ్చేది కంప్యూటర్ చూపే 20. నైట్రాక్స్‌కి డబ్బులు పెట్టేది ఆ రోజునే.