ఎలుకల మందు పెట్టినా పోని జ్వరం: గట్టు గడ్డిలో స్క్రబ్ టైఫస్

వానలు తగ్గి చలి మొదలయ్యే రోజుల్లో వరి కోతలుంటాయి, గట్ల మీద గడ్డి నడుము ఎత్తు పెరిగి ఉంటుంది. దక్షిణ భారతంలో స్క్రబ్ టైఫస్ జ్వరాలు ఎక్కువయ్యేదీ దాదాపు ఈ నెలల్లోనే.

ఇది చిగ్గర్ అనే నల్లి పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. మిరపను పీల్చే నల్లి వేరు, పశువులకు పట్టే పిడుదులు వేరు. ఇది మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది, కంటికి దాదాపు ఆనదు. అందుకే పరిశోధకులు దాన్ని గడ్డిలో వెతకడం కన్నా ఎలుకల మీద వెతుకుతారు. కాలానికోసారి పొదల పక్కన సాయంత్రం బోన్లు పెట్టి, తెల్లవారి పడిన ఎలుకల, చుంచుల చెవుల్లో అంటుకున్న పిల్లలను తీసి లెక్కిస్తారు. ఒక్కో జంతువుకు సగటు 0.69 దాటితే ఆ చోట జాగ్రత్త పడాలని అర్థం.

అయితే ఎలుకలను చంపితే సరిపోతుందా? సరిపోదు. నల్లి పిల్ల ఒక్కసారే జంతువును పట్టి, కడుపు నిండాక నేలలో పడిపోతుంది. ఆ తర్వాత పెద్దదై మట్టిలోనే చిన్న పురుగుల గుడ్లు తిని బతుకుతుంది, మళ్లీ ఎవరినీ కుట్టదు. జ్వరం క్రిమి తల్లి నల్లి నుంచి గుడ్ల ద్వారానే పిల్లలకు వస్తుంది. ఎలుక దానికి తిండి మాత్రమే. ఎలుకలు పోయినా క్రిమి నేలలో ఉంటుంది, ఆకలితో ఉన్న పిల్లలు దారిన పోయే మనిషిని పట్టుకుంటాయి. కాబట్టి ముందు గట్ల మీద, ఇంటి చుట్టూ గడ్డి, పొదలు కొట్టి ఎండ పడనివ్వండి. ఎలుకల మందు ఆ తర్వాత పెట్టండి. ఇంటి గోడకు ఆనించి కట్టెలు, గడ్డివాము పేర్చకండి.

గడ్డి కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు, కాళ్లకు బూట్లు వేసుకోండి. ఎండలో కష్టమే, కానీ పంచె ఎగగట్టి దిగడం కన్నా మేలు. మధ్యాహ్నం గడ్డి మీద పడుకోవద్దు, బట్టలు గడ్డి మీద ఆరేయవద్దు. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేసి, విడిచిన బట్టలు వేడినీళ్లలో ఉతకండి.

కుట్టిన వారం, పది రోజులకు తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. ఒంటి మీద వెతకాల్సింది బీడీ అంటించినట్టుండే నల్లటి పెచ్చు. నొప్పి ఉండదు గనుక రోగికి తెలియదు. చంక, గజ్జ, నడుము పట్టీ దగ్గర, రొమ్ము కింద, చెవి వెనక ఇంట్లోవాళ్లు చూడాలి. అందరికీ ఆ పెచ్చు కనిపించదు, లేదని నిర్లక్ష్యం చేయవద్దు.

ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటూ రోజులు గడపడమే ప్రమాదం. మామూలుగా వాడే పెన్సిలిన్ రకం మందులు దీనికి పనిచేయవు. డాక్సీసైక్లిన్ త్వరగా మొదలుపెడితే చాలామందికి రెండు, మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు డాక్టర్లు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. ఏ మందైనా సొంతంగా కొనకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి, గడ్డి కోతకు వెళ్లామన్న మాట డాక్టరుకు ముందే చెప్పండి.