మేము కట్టిన కంప్యూటరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. మొదటిది అప్పు చేసి కట్టాను. రెండవదానికి మా అమ్మాయికి యింకా వయస్సు రాలేదు. ఈ లోపల మూడవది వొకటి వున్నదని మొన్న వేసవిలో తెలిసింది. అది కంప్యూటరు కట్టి చూడటం.

మా పాత కంప్యూటరు ప్రాణం విడిచింది. కొత్తది కొందామంటే అమ్మాయి, "విడి సామాను తెచ్చి మనమే బిగించుకుందాం నాన్నా! రేపు యేదైనా పాడయితే ఆ వొక్క ముక్కే మార్చుకోవచ్చు" అన్నది.

"పద్యానికి ప్రతిపదార్థం చెప్పే మనిషి చేతికి స్క్రూడ్రైవరిస్తే యింకేమన్నా వుందా?" అన్నది మా ఆవిడ. ఆ మాటతో నాకు పౌరుషం పొడుచుకువచ్చింది.

సికింద్రాబాదు పార్కు లేనులో చెనాయ్ ట్రేడ్ సెంటరు వున్నది. కంప్యూటరు సామానుకు అది బేగంబజారు వంటిది. ఒక పూటంతా తిరిగి మదర్‌బోర్డు, రైజెన్ 5 5600జి ప్రాసెసరు, 8 జి.బి. ర్యాములు రెండు, ఎస్.ఎస్.డి., పవరు సప్లయి, కేబినెట్టు తెచ్చాం. 2021లో వచ్చిన ఆ ప్రాసెసరులోనే తెరమీద బొమ్మ చూపే భాగం కూడా యిమిడి వున్నది గనుక, గ్రాఫిక్స్ కార్డు ఖర్చు తప్పింది.

తలా వొక కంపెనీ చేసిన వస్తువులు వొకదానితో వొకటి యెలా అమరుతాయని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. 1981లో ఐ.బి.ఎం. వారు తమ పర్సనల్ కంప్యూటరు నిర్మాణ వివరాలు దాచుకోకుండా పుస్తకంగా అచ్చువేశారు. దానితో ఇతరులు దానికి సరిపడే భాగాలు చెయ్యసాగారు. 1995లో ఇంటెల్ వారు ఏ.టి.ఎక్స్. అనే కొలతలు ప్రకటించారు. బోర్డు యెంత వుండాలి, బిగించే చిల్లులు యెక్కడుండాలి అనేవి అందులో వున్నాయి. మన సంధి సూత్రాల వంటివే ఇవీను.

భోజనాలయ్యాక పనికి కూర్చున్నాం. వొంటిమీది స్థిరవిద్యుత్తు తగిలితే భాగాలు చెడిపోతాయట. అందుకని ముందు కేబినెట్టు యినుమును తాకమన్నది అమ్మాయి. ప్రాసెసరు అడుగున 1331 సూదులున్నాయి. మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్టు మీది త్రికోణంతో కలిపి వదిలితే దాని బరువుకే దిగాలి, నొక్కకూడదు. ర్యామును మాత్రం టక్కుమనేదాకా నొక్కాలి. నాలుగు గాడులలో ప్రాసెసరు వైపునుంచి రెండవదీ, నాలుగవదీ వాటి చోట్లు. ఈ పనులు అమ్మాయివి. వైర్లు తగిలించడం నా వంతు.

స్విచ్చి నొక్కాం. ఫాన్లు తిరిగాయి. దీపాలు వెలిగాయి. తెరమీద మాత్రం అమావాస్య!

"సూదులు వంచేసి వుంటావు! ఇంత డబ్బూ బూడిదలో పోసినట్లయింది" అని కేకలేశాను. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. మా ఆవిడ నావంక వొక చూపు చూసి తనూ వెళ్ళింది.

పదకొండు దాటినా నాకు నిద్ర పట్టలేదు. లేచి వచ్చి చూద్దును గదా, అమ్మాయి బోర్డుతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, టార్చిలైటుతో వైర్లు లెక్కపెడుతున్నది.

"నాన్నా, 24 పిన్నుల పెద్ద వైరు పెట్టావు. ప్రాసెసరుకు విడిగా కరెంటిచ్చే 8 పిన్నులది పెట్టలేదు" అన్నది మెల్లగా.

బోర్డు పైమూలన ఆ చోటు ఖాళీగా నన్ను వెక్కిరిస్తున్నది. ఇరవై యేళ్ళుగా పరుల పిల్లల తప్పులు దిద్దుతున్నవాణ్ణి. నా తప్పు నా పిల్ల దిద్దింది.

"తప్పు నాదేనమ్మా. నిన్ను అనవసరంగా అన్నాను" అన్నాను.

వైరు తనచేతనే పెట్టించాను. తెర వెలిగింది. ఆ వెలుగులో పిల్ల ముఖమూ వెలిగింది.

పని పూర్తయ్యాక రెండు స్క్రూలు మిగిలాయి. మా ఆవిడ వాటిని పోపులపెట్టెలో వొక గిన్నెలో వేసి, "వుండనీ! మీ నాన్నకు మళ్ళీ కోపం వచ్చినప్పుడు తీసి చూపిద్దాం" అన్నది అమ్మాయితో.