పట్నపు పెరట్లో టర్కీ కోడి

కడపలో శంకరాపురం, చిన్నచౌకు వంటి పేటలలో చాలా ఇండ్లు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఒక ఇంటి తాళింపు వాసన మూడిళ్లకు వెళ్తుంది. ఇటువంటి చోట టర్కీ కోళ్లను ముద్దుగా పెంచుకోవాలనుకునే కుటుంబాలు రెండు సంగతులు ఆలోచించాలని మేము తలుస్తున్నాము: ఒకటి, ఆ మూగజీవి క్షేమం, రెండు, పొరుగువారి నెమ్మది.

టర్కీ పుట్టినిల్లు అమెరికా ఖండం. అయినా మన దేశానికి అది కొత్త కాదు. 1612లో ముకర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన టర్కీని చూచి జహంగీరు చక్రవర్తి ఎంతో వింతపడి, చిత్రకారుడైన మన్సూరు చేత దాని బొమ్మ వేయించాడు. దాని తల ఎరుపు, నీలం, తెలుపు రంగులకు మారడం నేటికీ మన పిల్లలకు వేడుకే.

అయితే పుంజు నోరు ఊరుకోదు. హారన్ మ్రోగినా, ఎవరైనా ఈల వేసినా బదులు పలుకుతుంది. పక్కింట్లో రోగి ఉండవచ్చు, పరీక్షలకు చదివే బిడ్డ ఉండవచ్చు. కనుక ఇరుకు వీధిలో పెట్టలను మాత్రమే పెంచడం మేలు. అవి పుంజులవలె గోల చేయవు. కోడిని తెచ్చిన తరువాత సంజాయిషీ చెప్పుకోవడం కంటే, తేకముందే పక్కింటి అక్కను, ఎదురింటి పెద్దాయనను ఒక మాట అడగడం గౌరవం. రెట్ట ప్రతిదినం ఎత్తివేస్తే వాసన, ఈగలు ఉండవు.

టర్కీ పిల్లలు మొదటి దినాలలో మేతను గుర్తుపట్టలేక ఆకలితోనే చనిపోతాయి. ఉడికించిన గుడ్డు, సన్నగా తరిగిన ఆకుకూర పెట్టి తినడం అలవాటు చేయాలి. నాటుకోళ్లతో కలిపి ఉంచరాదు. కోళ్లకు అంతగా హాని చేయని ఒక కాలేయ వ్యాధి వాటి నుండి సోకి టర్కీల ప్రాణం తీస్తుంది. పశువైద్యుని అడిగి కొక్కెర తెగులు టీకా తప్పక వేయించాలి.

మన సీమవారు మరువరాని సంగతి మరొకటి ఉంది. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీలు చనిపోయాయి. కారణం వెదకగా, మేతలో కలిపిన వేరుశనగ చెక్కకు పట్టిన బూజు విషమని తేలింది. వేరుశనగ పండే నేల మనది. చెక్క చౌకగా దొరికిందని బూజు పట్టినది పెట్టకండి.

వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు కడప బండలు పరచిన పెరడు పెనమే. పక్షికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుతుంది. చెట్టు నీడ, చల్లని నీరు, కాళ్ల క్రింద మెత్తని ఊక ఇవ్వలేనివారు పెంచకపోవడమే దయ.

తల్లిదండ్రులారా, చివరిగా ఒక మాట. కోడిని తెచ్చిన దినమే అది పండుగ విందుకా, ఇంటి ముచ్చటకా నిర్ణయించి పిల్లలకు చెప్పండి. పేరు పెట్టి, చేతితో మేపిన పక్షిని క్రిస్మస్ నాడు పళ్లెంలో చూస్తే ఆ పసి హృదయం నొచ్చుకుంటుంది. మాంసం తినడం తప్పు కాదు; బిడ్డకు ఇచ్చిన మాట తప్పడమే తప్పు.