ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చిందా? అప్పుడే ఊపిరి పీల్చుకోవద్దు!

కరోనా ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వస్తే వైరస్ లేనట్టేనా? అలా చెప్పలేం. జబ్బు ఉన్నవాళ్లలో ఎంతమందిని టెస్టు పట్టుకుంటుందో చెప్పేది సెన్సిటివిటీ. జబ్బు లేనివాళ్లలో ఎంతమందికి సరిగ్గా నెగెటివ్ చూపిస్తుందో చెప్పేది స్పెసిఫిసిటీ.

2020 జూన్‌లో ఐసీఎంఆర్ ఓకే చేసిన యాంటిజెన్ కిట్‌నే తీసుకుంటే.. స్పెసిఫిసిటీ 99.3 నుంచి 100 శాతం. అంటే వైరస్ లేకుండా పాజిటివ్ రావడం చాలా అరుదు. సెన్సిటివిటీ మాత్రం 50.6 నుంచి 84 శాతమే. అంటే వైరస్ ఉన్న 100 మందిలో కనీసం 16 మంది, ఒక్కోసారి 49 మంది దాకా నెగెటివ్‌గా తేలొచ్చన్నమాట.

అందుకే లక్షణాలు ఉండి నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించాల్సిందేనని ఐసీఎంఆర్ స్పష్టం చేసింది. రిపోర్టు చూసుకుని ధీమాగా తిరిగితే ఇంట్లో పెద్దవాళ్లకే ముప్పు.