సర్వీస్ ట్యాక్స్ అప్పీలు: డిపాజిట్ మాఫీ అవుతుందా? 2014 తర్వాత రూల్ ఇదీ!

సర్వీస్ ట్యాక్స్ 2017 జులై 1న జీఎస్టీలో కలిసిపోయింది. పన్ను పోయింది కానీ నోటీసులు పోలేదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నుల్లో, ఫారం 26ఏఎస్‌లో కనిపించిన ఆదాయాన్ని సర్వీస్ ట్యాక్స్ రిటర్నులతో పోల్చి, తేడా ఉన్నవాళ్లకు అధికారులు పెద్ద ఎత్తున షోకాజ్ నోటీసులు పంపారు. చిన్న కాంట్రాక్టర్లు, లేబర్ సప్లై చేసేవాళ్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు వీటిలో ఇరుక్కున్నారు. ఆ తేడా మొత్తం పన్ను కట్టాల్సిన ఆదాయమే అనుకోవడానికి లేదు. ప్రజలు వాడుకునే రోడ్ల పనులకు అప్పట్లో మినహాయింపు ఉంది. చిన్న సర్వీసులకు ఏడాదికి 10 లక్షల పరిమితీ ఉంది. లెక్కలు చూడకుండా ఎడాపెడా నోటీసులు ఇవ్వొద్దని 2021లో సీబీఐసీయే తన అధికారులకు చెప్పాల్సి వచ్చింది.

నోటీసుకు జవాబివ్వకపోతే డిమాండ్ ఖాయమవుతుంది. అప్పుడిక అప్పీలుకు వెళ్లాలి. వెళ్లాలంటే ముందు డబ్బు కట్టాలి. చేతిలో డబ్బు లేదు, మాఫీ చేస్తారా? చాలామంది అడిగే మాట ఇదే. సూటిగా చెప్పాలంటే, ఇప్పుడు చేయరు.

ఒకప్పుడు చేసేవారు. సెంట్రల్ ఎక్సైజ్ చట్టంలోని 35ఎఫ్ సెక్షనే సర్వీస్ ట్యాక్స్‌కూ వర్తిస్తుంది. పాత 35ఎఫ్ ప్రకారం అప్పీలుకు ముందు డిమాండ్ అంతా కట్టాలి. కానీ అలా కట్టడం వల్ల అనుచితమైన కష్టం కలుగుతుందని నమ్మితే, కమిషనర్ (అప్పీల్స్) గానీ ట్రైబ్యునల్ గానీ కొంతో, మొత్తమో మాఫీ చేయొచ్చు. కేసులో బలముందా, డబ్బుకు ఇబ్బంది ఉందా, సర్కారు ఆదాయానికి రక్షణ ఉందా... ఈ మూడూ చూసేవారు. దీంతో అసలు అప్పీలు పక్కకుపోయి, స్టే పిటిషన్ మీదే వాయిదాలు నడిచేవి. మంచి లాయర్‌ని పెట్టుకున్నవాడికి కలిసొచ్చేది, లేనివాడు సగం కట్టి బయటపడేవాడు.

2014 ఆగస్టు 6 నుంచి ఈ పద్ధతి మారిపోయింది. మొదటి అప్పీలుకు పన్నులో 7.5 శాతం, కమిషనర్ (అప్పీల్స్) ఆర్డర్ మీద సెస్టాట్‌కు వెళ్తే 10 శాతం. గరిష్ఠంగా 10 కోట్లు. వడ్డీని ఈ లెక్కలో కలపరు. పన్నుతో పాటు పెనాల్టీ కూడా పడితే పన్ను మీదే లెక్క, పెనాల్టీ ఒక్కటే వివాదంలో ఉంటే దాని మీద. ఉదాహరణకు 40 లక్షల పన్ను, ఇంకో 40 లక్షల పెనాల్టీ పడిందనుకోండి. మొదటి అప్పీలుకు కట్టాల్సింది 3 లక్షలే. అది కట్టి అప్పీలు వేస్తే మిగతా సొమ్ము కోసం బ్యాంకు ఖాతా ఫ్రీజ్ చేయడం లాంటి వసూలు చర్యలు ఉండవని 2014 సెప్టెంబరు 16 నాటి సర్క్యులర్ చెబుతోంది. విడిగా స్టే అడగక్కర్లేదు. గెలిస్తే కట్టిన డబ్బు 6 శాతం వడ్డీతో వెనక్కి వస్తుంది. ఓడితే మాత్రం కట్టని పన్ను మీద వడ్డీ అప్పటిదాకా పెరిగే ఉంటుంది.

మొత్తమ్మీద ఇది మేలే. కానీ ఆ 3 లక్షలు కూడా లేని మేస్త్రీ సంగతి? పాత చట్టంలో అతనికి ఒక తలుపు ఉండేది, ఇప్పుడు లేదు. 2014కు ముందు నాటి వ్యవహారమైనా, ఆ తర్వాత అప్పీలు వేస్తే పాత మాఫీ అడగలేరని 2022లో సుప్రీంకోర్టు ఒక కస్టమ్స్ కేసులో తేల్చేసింది. అక్కడి నిబంధన కూడా ఇలాంటిదే.

ఇక మిగిలింది హైకోర్టు. 226వ అధికరణం కింద రిట్ వేయొచ్చు. డిపాజిట్ రూల్‌ను హైకోర్టులు సమర్థిస్తూనే, అన్యాయం కళ్లకు కట్టే అరుదైన కేసుల్లో ఊరటనిచ్చిన సందర్భాలున్నాయి. దాని మీదే ఆశ పెట్టుకుంటే కష్టం. ఈలోపు అప్పీలు గడువు దాటిపోతుంది.

అంతకంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆడిట్ సమయంలోనో, దర్యాప్తులోనో అధికారులు కట్టించుకున్న సొమ్ముంటే దాన్నే డిపాజిట్‌గా చూపించొచ్చు. పైన చెప్పిన సర్క్యులర్‌లోనే ఈ వీలుంది. పాత చలాన్లు వెతికితే కొత్తగా పైసా కట్టక్కర్లేని వాళ్లూ ఉంటారు.

కొత్తగా కట్టేవాళ్లు జీఎస్టీ వాళ్ల డీఆర్‌సీ-03 ఫారంలో కట్టొద్దు. పాత పన్నుల డిపాజిట్‌కు అది చెల్లదని 2022 అక్టోబరులో సీబీఐసీ స్పష్టం చేసింది. దీనికి సీబీఐసీ-జీఎస్టీ పోర్టల్‌లో వేరే దారి ఉంది. గడువు విషయానికొస్తే, ఆర్డర్ అందిన 2 నెలల్లోపు కమిషనర్ (అప్పీల్స్) దగ్గర అప్పీలు వేయాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో నెల ఇస్తారు. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా తీసుకునే అధికారం ఆయనకు లేదు.